తరంగంబాడి వ్రాతప్రతి, హాలే బీరువా

(శతవార్షికోత్సవ సంచికకు వ్యాసములు పంపినవారి కూటములో చదివిన ప్రసంగ పాఠము)



సంచికకు వ్యాసములు వ్రాసిన మీకూ, వాటిని దిద్దుచున్న మాకూ ఉపయోగపడే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. వ్యాసరచన సూత్రములు చెప్పుటకు మాకంటె పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. కాబట్టి మేము ఒక చరిత్ర చెప్పుతాము. మూడు వందల యేండ్ల క్రిందట ఒక గ్రంథకర్తకూ, ఆయన వ్రాతలను అచ్చువేయించిన పెద్దకూ నడుమ సముద్రము మీదుగా నడిచిన ఉత్తర ప్రత్యుత్తరముల చరిత్ర అది. ఇద్దరూ భక్తులే. ఇద్దరూ ఒకే పనికి జీవితమును ధారపోసినవారే. అయినను ఒక వ్రాతప్రతి దగ్గర వారి దారులు వేరైపోయినవి.

గ్రంథకర్త పేరు బర్తొలొమేయు జీగెన్‌బాల్గు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతమందు పుల్స్‌నిట్స్ అను చిన్న పట్టణములో 1682లో పుట్టారు. చిన్నతనములోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక నలత. హాలే పట్టణములో ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె అను గొప్ప బోధకుని యొద్ద కొంతకాలము చదువుకున్నారు. డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్, తమిళ దేశములోని తన వర్తక స్థావరమైన తరంగంబాడికి సువార్తికులను పంపగోరినప్పుడు జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు యువకులు బయలుదేరారు. 1705 నవంబరు 29న ఓడ కదిలింది. 1706 జూలై 9న తరంగంబాడి చేరింది. ఏడు నెలల పైచిలుకు ప్రయాణము. ఈ లెక్కను దయచేసి జ్ఞాపకముంచుకోండి. ఒక ఉత్తరము వ్రాసి, దానికి జవాబు చూడవలెనంటే ఏడాదిన్నర పట్టవచ్చును, అదీ రెండు ఓడలూ క్షేమముగా చేరితేనే.

ఇక రెండవవారు ఫ్రాంకె. 1663లో పుట్టినవారు. హాలే ప్రక్కన ఒక పేద సంఘమునకు గురువుగా వచ్చి, వీధులలో తిరుగుచున్న పిల్లలను చేరదీసి, అనాథశాల పెట్టి, దానికి పాఠశాలలు చేర్చి, ఆ పాఠశాలలకు పుస్తకములు కావాలని అచ్చుకూటమును కూడ పెట్టినవారు. మన బోర్డింగు పాఠశాలల వంటివి ఎక్కడనుండి పుట్టుకొచ్చినవని ఎవరైనా వెదకుచు పోతే ఆ దారులలో ఒకటి హాలే వాకిటికి చేరుతుంది. తరంగంబాడి నుండి వచ్చిన ఉత్తరములను, దినచర్యలను కూర్చి ఫ్రాంకెగారు 1710 నుండి వరుసగా అచ్చువేయసాగారు. 'హాలే నివేదికలు' అని వాటికి పేరు. అవి చదివి జర్మనీలో విధవరాండ్రు మొదలు ప్రభువుల వరకు కానుకలు పంపేవారు. అంటే ఆయన ఆ పత్రికకు సంపాదకులు మాత్రమే కారు. దాని మీదనే తరంగంబాడి పాఠశాలల పిల్లల అన్నము ఆధారపడియుండేది. ఈ సంగతి మరచిపోతే ఆయనకు అన్యాయము చేసినవారమౌతాము.

తరంగంబాడిలో జీగెన్‌బాల్గుగారు ఏమి చేశారు? ముందు బడిపిల్లలతో పాటు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దారు. తరువాత ఒక కవినీ ఒక వ్రాయసకానినీ దగ్గర పెట్టుకొని, తాటాకు గ్రంథములను ఒకదాని వెంట ఒకటి చదివించుకున్నారు. తెలియని మాటను వదలక, అది ఎక్కడెక్కడ వచ్చునో గుర్తుపెట్టుకొని, పట్టిక వ్రాసుకున్నారు. ఊరూరు మనుషులను పంపి గ్రంథములు కొనిపించారు. వచ్చిన సుమారు రెండు సంవత్సరములకే నూటికి పైగా తమిళ గ్రంథముల జాబితా తయారుచేసి, ఒక్కొక్క గ్రంథములో ఏమున్నదో వ్రాశారు. అదే 1708లో మూడు తమిళ నీతి పుస్తకములను జర్మను భాషలోనికి మార్చారు. ఆ సంవత్సరమే అక్టోబరులో క్రొత్త నిబంధన తర్జుమా మొదలుపెట్టి 1711 మార్చిలో ముగించారు. మధ్యలో కోట అధికారి ఆగ్రహమునకు గురియై నాలుగు మాసములు చెరలో ఉన్నారు కూడ. ఆ మనిషి వయస్సు అప్పటికి ముప్పది లేదు.

నీతి పుస్తకములు మార్చుట ఎందుకు? ఐరోపాలో చాలమంది ఈ దేశస్థులను బొత్తిగా విద్య లేనివారని, మర్యాద ఎరుగనివారని తలంచుచున్నారు; తాను కూడ అటువంటి ఊహతోనే వచ్చి, భాష నేర్చి పుస్తకములు చదివిన తరువాత వేరుగా తెలుసుకొన్నానని ఆయన తన స్వదేశస్థులకు వ్రాశారు. విగ్రహారాధనను ఆయన ఏనాడూ మెచ్చుకొనలేదు. ఆ విషయములో ఫ్రాంకెగారి కంటె మెత్తనివారు కారు. అయితే ఎదుటివాని నోట మాట విననిదే వానితో ఏమి మాట్లాడగలము అనేది ఆయన పట్టుదల.

ఆ పట్టుదలతోనే 1711లో 'మలబారు అన్యమతము' అనే పెద్ద గ్రంథము వ్రాశారు. (ఆ రోజులలో ఐరోపావారు తమిళులను మలబారులని పిలిచేవారు.) 1713లో 'మలబారు దేవతల వంశావళి' అను మరియొకటి ముగించి హాలేకు పంపారు. ఈ రెండవదానిని గూర్చియే మా కథ.

వంశావళి నాలుగు భాగములు. మొదట సర్వమునకు మూలమైన పరాపర వస్తువును గూర్చి. తరువాత త్రిమూర్తులు, వారి భార్యలు, బిడ్డలు. మూడవ భాగములో గ్రామదేవతలు. చివర దేవగణములు, ఋషులు మొదలగువారు. మూడవ భాగములో మారియమ్మ ఉన్నది, అంకాళమ్మ ఉన్నది, ఎల్లమ్మ ఉన్నది. ఏ గుడి ఎట్లుండును, ఏ బలి ఇత్తురు, ఏ రోగము వచ్చినప్పుడు ఎవరిని మ్రొక్కుదురు అనే సంగతులు, అడిగి తెలిసికొన్న వరుసలో వ్రాశారు. మన తాత ముత్తాతలు ఏ గుడి వాకిట నుండి లేచి సువార్త విన్నారో ఆ వాకిటిని 1713లోనే ఒక పరదేశి కూర్చుండి చూచి వ్రాసియుంచెనని తలంచితే మాకు ఒడలు పులకరించును.

హాలేలో ఈ వ్రాతప్రతి అచ్చుకు వెళ్లలేదు. ఫ్రాంకెగారి అభిప్రాయముగా తరువాతివారు చెప్పిన మాటల భావము ఏమనగా: మిషనెరీలను పంపినది ఇండియాలో అన్యమతమును పెరికివేయుటకే గాని, ఆ అన్యుల పనికిమాలిన కథలను ఐరోపాలో చల్లుటకు కాదు. వ్రాతప్రతి బీరువాలోనికి పోయింది.

ఇంత కష్టపడి వ్రాసినవాని మనస్సు ఎట్లుండునో వ్యాసములు వ్రాసిన మీకు తెలుసు. కాని కాసేపు ఫ్రాంకెగారి కుర్చీలో కూర్చుండి చూడుడి. మిషను పని అంటేనే గిట్టని వేదపండితులు జర్మనీలో కొందరున్నారు. హాలే భక్తుల మీద వారికి మొదటినుండి అనుమానము. అటువంటి సమయములో హాలే అనాథశాల అచ్చుకూటము నుండి శివ విష్ణువుల వంశవృక్షము వెలువడితే ఏమందురు? రాజుగారి ధనముతో సువార్త చెప్పుమని పంపితే వీరు దేవతల కథలు వ్రాయుచున్నారందురు. కానుకలు తగ్గును. బడిలో పిల్లలకు గంజి తగ్గును. సంఘ పత్రిక నడిపినవారికి ఈ భయము పుస్తకములో చదివి తెలిసికోవలసినది కాదు.

ఇదే కారణము చేత హాలే నివేదికలలో కూడ తరంగంబాడి ఉత్తరములు వచ్చినవి వచ్చినట్టుగా అచ్చుకాలేదు. ఏది చదువరికి భక్తిని పెంచునో అది నిలిచింది. ఏది కంపెనీ అధికారులకు కోపము తెప్పించునో, ఏది దాతలకు సందేహము పుట్టించునో అది కలము పోటుకు పోయింది.

అయితే విచిత్రము చూడండి. ఇదే ఫ్రాంకెగారు మరియొకదానికి అడ్డుచెప్పలేదు. జీగెన్‌బాల్గుగారును, ఆయన తోటి పనివారైన గ్రూండ్లర్‌గారును 1712 మొదలుకొని చదువుకున్న తమిళులకు ప్రశ్నలు వ్రాసి పంపి, జవాబులు వ్రాయించుకొనేవారు. మీ పెండ్లిండ్లు ఎట్లు, చనిపోయినవారిని గూర్చి ఏమనుకొందురు, మా మతమును గూర్చి మీ తలంపు ఏమి, ఇట్టివి. ఆ తమిళుల ఉత్తరములు 99, జర్మను భాషలోనికి మార్చబడి, 1714లోను 1717లోను రెండు విడతలుగా హాలే నివేదికలలో అచ్చయినవి. వాటిలో క్రైస్తవుల నడవడిని నిలదీసిన జవాబులు ఉన్నవి. త్రాగి తిరిగే తెల్లవారిని చూపి, ఇదేనా మీ ధర్మము అని అడిగిన గొంతు ఉన్నది. ఇవి ఎట్లు సెలవు పొందినవి? మాకు తోచినది చెప్పుతాము. ఉత్తరమునకు అడుగున వివరణ చేర్చవచ్చును. ప్రశ్నకు ప్రక్కనే జవాబు పెట్టవచ్చును. వంశావళికి అట్లు కుదరదు. అది ఎవరితోను వాదించదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుచు పోవును. సంపాదకులను భయపెట్టేది తరచుగా ఎదురుమాట కాదు, వాదము లేని మాటయే.

ఇంతలో హాలే చేసిన మేలును కూడ చెప్పవలెను. తరంగంబాడి నుండి పంపిన నమూనాలను చూచి హాలేలోనే తమిళ అక్షరములు పోతపోయించి, అచ్చువేయువానితో కూడ పంపారు. 1713లో అవి చేరినవి. అక్షరములు మరీ పెద్దవై, క్రొత్త నిబంధన అంతా వేయుటకు కాగితము చాలదని తేలింది. చిన్న అక్షరములను తరంగంబాడిలోనే పోతపోశారు. అందుకు ఇంగ్లండు నుండి వచ్చిన జున్ను డబ్బాల సీసమును వాడినారని చెప్పుతారు. 1714లో సువార్తలు, అపొస్తలుల కార్యములు, మరుసటి సంవత్సరము క్రొత్త నిబంధన శేషము వెలువడినవి.

1714 అక్టోబరులో జీగెన్‌బాల్గుగారు స్వయముగా ఐరోపాకు బయలుదేరారు. ఓడలో కూర్చుండి లాటిను భాషలో తమిళ వ్యాకరణము వ్రాశారు. హాలేలో గురుశిష్యులు కలిసికొన్నారు. ఆ వ్యాకరణమును 1716లో అనాథశాల అచ్చుకూటమే అచ్చువేసింది. తరువాతి మిషనెరీలు దానితోనే భాష నేర్చుకున్నారు. వ్యాకరణము పనిముట్టు, దానిని గూర్చి ఎవరికీ శంక లేదు. వంశావళి మాత్రము అక్కడనే ఉండిపోయింది.

ఆయన ఆ సంవత్సరమే భార్యతో తిరిగివచ్చారు. తరువాతి రెండు మూడేండ్లలో వచ్చిన ఉత్తరములు హాలే నుండి కాదు, కోపెన్‌హాగన్ మిషను సంఘపు కార్యదర్శి నుండి వచ్చినవే ఎక్కువ బాధపెట్టినవి. ఈ కార్యదర్శి, వెంట్ అనే ఆయన, మిషనెరీలు అపొస్తలులవలె తిరిగి బోధింపవలెనే గాని కట్టడములు, పాఠశాలలు, సంసారములు పెట్టుకొనరాదనువారు. ఎన్నడూ ఎండలో నడువని మనిషి ఏడు నెలల దూరమునుండి గద్దించుచు వ్రాసిన ఉత్తరములు అవి. క్రొత్త యెరూషలేము దేవాలయము ప్రతిష్ఠ 1718లో జరిగింది. 1719 ఫిబ్రవరి 23న జీగెన్‌బాల్గుగారు కన్నుమూశారు. ఆయనకు ముప్పదియారు సంవత్సరములు. పాత నిబంధన తర్జుమా రూతు గ్రంథము వరకు వచ్చి ఆగింది. మరుసటి సంవత్సరము గ్రూండ్లర్‌గారు కూడ పోయారు. ఫ్రాంకెగారు 1727 వరకు జీవించారు.

ఆ రూతు గ్రంథము తరువాతి పని అందుకొన్నవారు బెంజమిన్ షుల్ట్జుగారు. ఆయన పేరు తెలుగు క్రైస్తవులమైన మనము ఎరిగియుండవలసినది. 1726లో తరంగంబాడి విడిచి మద్రాసు వచ్చి, అక్కడి వీధులలో తెలుగు విని, తెలుగు నేర్చుకొన్నారు. 1727లో క్రొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగులోనికి మార్చారు. 1728లో లాటినులో తెలుగు వ్యాకరణము వ్రాశారు. వ్రాతప్రతులు హాలేకు వెళ్లినవి. ఆయన 1743లో స్వదేశమునకు వెళ్లిన తరువాత, 1746 నుండి హాలేలో కొన్ని చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకములు అచ్చయినవి. తెలుగు అక్షరములతో అచ్చయిన తొలి పుస్తకములలో అవి లెక్కకు వచ్చును. తెలుగు బైబిలు మాత్రము అచ్చు కాలేదు. వ్యాకరణమునకు 1984లో గాని అచ్చు ముఖము చూచే భాగ్యము కలుగలేదు. విశాఖపట్టణములో దెగ్రాంజిగారును ఆనందరాయరుగారును శ్రమపడిన సువార్తలు సిరంపూరులో 1812లో అచ్చయ్యే వరకు, అనగా ఎనుబది సంవత్సరములు, తెలుగువాడు తన భాషలో సువార్తను అచ్చులో చదువుకొనలేదు. తర్జుమా లేక కాదు. బీరువాలో ఉండుట వలన. మూడు తరముల తెలుగువారు పుట్టి గిట్టిపోయారు ఈ లోపల. వంశావళి అచ్చుకాకపోతే పండితులకు నష్టము. ఇది మన ఇంటి నష్టము.

వంశావళి ఏమైనది? నూటయేబది సంవత్సరములు గడచిన తరువాత విల్‌హెల్ం గెర్మన్ అను జర్మను మిషనెరీ దానిని జీగెన్‌బాల్గుగారి పేరుతో 1867లో మన మద్రాసులోనే జర్మను భాషలో అచ్చువేయించారు. రెండేండ్లలో ఇంగ్లీషు తర్జుమా వచ్చింది. హాలండు దేశపు పండితుడు కాలండ్ 1926లో 'మలబారు అన్యమతము'ను, 1930లో నీతి పుస్తకములను అచ్చువేయించారు. జీగెన్‌బాల్గుగారి ఉత్తరములు, నివేదికలలో చోటు దొరకనివి, 1957లో ఆర్నో లేమన్ సంపాదకత్వమున బెర్లినులో వెలువడినవి. వంశావళి అసలు పాఠమును తమిళ క్రైస్తవ పండితులు దానియేలు జయరాజ్‌గారు పరిశోధించి 2003లో హాలేలో మరల ప్రకటించారు. హాలేలోనే, గమనించండి.

మరియొకటి చెప్పవలసియున్నది. అచ్చువేయనన్న ఫ్రాంకెగారు ఆ కాగితములను తగులబెట్టలేదు. కట్టకట్టి దాచారు. ఆయన పెట్టిన సంస్థలో తరువాతివారు కూడ దాచారు. అది తక్కువ సంగతి కాదు. మన పాస్టరేటులలో పాత బాప్తిస్మపు రిజిష్టర్లు వర్షమునకు తడిసి చెదలుపట్టి పోయిన తీరు చూచినవారికి దాని విలువ తెలియును.

ఇప్పుడు మన సంచికకు వస్తాము. మాకు అందిన వ్యాసములలో మూడు భాగములు బిషప్పుల చరిత్రలు, దేవాలయములు కట్టిన సంవత్సరములు, కన్వెన్షన్ల వివరములు. ఇవి కావలసినవే, వాటి మీద తగవు లేదు. రెండు వ్యాసముల మీద మాత్రము కమిటీలో గంటల తరబడి మాట జరిగింది.

ఒకటి, ఒక సహోదరి తన నాయనమ్మను గూర్చి వ్రాసినది. ఆ నాయనమ్మ బాప్తిస్మము పొందకముందు ఎల్లమ్మ కొలుపులో పాడేది. సహోదరి ఆ కొలుపును, డప్పుల వరుసను, ఏ పొద్దున ఏమి వండేవారో, చివరకు ఉపదేశి వచ్చి చెట్టుక్రింద కూర్చుండి మూడు దినములు ఏమీ బోధింపక ఆ పాటలు వినుటను వ్రాసింది. వ్యాసములో సగము బాప్తిస్మమునకు ముందటిదే. బాప్తిస్మము దగ్గర మొదలుపెడితే చాలునని మాలో కొందరన్నారు. అట్లు చేస్తే ఆ ఉపదేశి చెట్టుక్రింద ఎందుకు కూర్చున్నాడో చదువరికి తెలియదని మరికొందరన్నారు. ఆ వ్యాసము పూర్తిగా వేయుటకే తీర్మానమైనది. మేము ఆ పక్షమే.

రెండవది కష్టమైనది. ఒక పాస్టరేటులో రెండు వాడల విశ్వాసులకు ఒకప్పుడు ప్రభురాత్రి భోజనపు గిన్నె వేరువేరుగా ఉండేదని, సమాధుల దొడ్డిలో నేటికీ నడుమ గోడ ఉన్నదని ఒక పెద్ద మనుష్యుడు వ్రాశారు. పేర్లు లేవు, దూషణ లేదు. వాదించనైనా వాదించలేదు. గోడ పొడవు, ఎత్తు, కట్టిన సంవత్సరము వ్రాశారు. శతవార్షికోత్సవములో ఇది ఎందుకు, బయటివారు చదివితే ఏమనుకొందురు, కానుకలిచ్చినవారు నొచ్చుకొనరా అని ప్రశ్న వచ్చింది. ఈ ప్రశ్నలు దుర్బుద్ధితో అడిగినవి కావు. అడిగినవారు మన డయాసిస్ కొరకు చెమట కార్చినవారు. అందుకే నేడు ఈ పాత కథ చెప్పదలచినాము. మా మటుకు మాకు ఆ గోడ కొలతలు అచ్చులో ఉండవలెననే ఉన్నది. కమిటీ నిర్ణయము వచ్చే కూటములో జరుగును. వ్యాసకర్తను కూడ పిలిచియున్నాము, వయస్సు మళ్లినవారు గనుక ఎవరైనా వెంటబెట్టుకొని రావలెను.

తీరిన మాటలు కొన్ని చెప్పి కూర్చుంటాము. ఏ వ్యాసములో ఏ భాగము తీసివేసినను, ఎందుకు తీసివేసితిమో వ్రాసినవారికి ఉత్తరము వ్రాస్తాము. జవాబు చెప్పుటకు మీకు పదిహేను దినములు. ఓడ కొరకు చూడనక్కరలేదు. రెండవ ఆదివారము ఆరాధన తరువాత ప్రూఫులు హాలులో బల్లమీద ఉంటవి, ఎవరి వ్యాసము వారు చదివి సంతకము చేయవలెను. వేసినవి, వేయనివి అన్నిటి పూర్తి వ్రాతప్రతులను ఊరి పేరు, వ్రాసినవారి పేరు చీటీ మీద అంటించి కార్యాలయములోని ఇనుప బీరువాలో పెడుతున్నాము. మీ ఇండ్లలో ఉపదేశుల దినచర్యలు, బైబిలు స్త్రీల నోటు పుస్తకములు ఉంటే తెచ్చి ఇవ్వండి, రసీదు ఇస్తాము. బీరువా తాళపుచెవులు రెండు. ఒకటి కార్యదర్శిగారి యొద్ద, రెండవది స్త్రీల మైత్రి అధ్యక్షురాలి యొద్ద ఉంటవి.